వాడపల్లి పరిసరాల్లో బయటి తిండి చరిత్ర: ప్రపంచ ఫాస్ట్‌ఫుడ్ గొలుసు సంస్థల ప్రభావం

వ్యాస సంగ్రహం

కృష్ణా, మూసీ నదుల సంగమస్థానమైన వాడపల్లి, దాని చుట్టూ ఉన్న మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ పట్టణాలు తెలంగాణలో వరి పండే నేలగా, బియ్యం మిల్లుల సీమగా పేరుపొందాయి. ఈ ప్రాంతంలో ఇంటి బయట కొనుక్కుని తినే తిండి ఎలా మారుతూ వచ్చిందో, 1990ల తర్వాత దేశంలోకి వచ్చిన ప్రపంచ ఫాస్ట్‌ఫుడ్ సంస్థల ప్రభావం ఆ మార్పులో ఏ పాటిదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బయటివారి వంట ఇక్కడికి రావడం కొత్త కాదు. అయితే పూర్వపు వంటలు మనుషుల వెంట వచ్చి, ఇక్కడి చేతులకు అబ్బాయి. గొలుసు సంస్థల వంట ఒప్పందం వెంట వచ్చింది. ఈ భేదమే స్థానిక ఆర్థిక వ్యవస్థపైన, వృత్తి నైపుణ్యంపైన పడే ప్రభావానికి మూలమని వ్యాసం ప్రతిపాదిస్తుంది. పాత హోటల్ సంస్కృతిలోని కుల వివక్షను విస్మరించి స్థానికతను కీర్తించడం సరికాదని కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: వాడపల్లి, మిర్యాలగూడ, ఆహార చరిత్ర, పూటకూళ్ళ ఇల్లు, ఫాస్ట్‌ఫుడ్, ఫ్రాంచైజీ, నాగార్జునసాగర్, కులం, వీధి వ్యాపారం.

1. ప్రవేశిక

వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాదు నడుమ నుంచి ప్రవహించి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. సంగమం ఒడ్డున మీనాక్షీ అగస్త్యేశ్వరస్వామి, లక్ష్మీనరసింహస్వామి ఆలయాలున్నాయి. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు ఇక్కడి ఘాట్లలో యాత్రికులు స్నానాలు చేశారు. నది అవతల పల్నాడు. నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ మీదుగా అద్దంకి వెళ్ళే రహదారి వాడపల్లి వద్ద కృష్ణను దాటుతుంది. ఉత్తరాన హైదరాబాదు, విజయవాడల మధ్య సాగే 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా పోతుంది. ఈ రెండు రహదారుల మధ్యనున్న భూమిలో ఎక్కువ భాగం నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది మాగాణి.

ఇటువంటి చోట ప్రపంచ ఫాస్ట్‌ఫుడ్ సంస్థల ప్రభావాన్ని చర్చించేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. వాడపల్లి వంటి గ్రామాలు గొలుసు సంస్థల వ్యాపార లెక్కలోకి రావు. వాటి విస్తరణ మహానగరం నుంచి జిల్లా కేంద్రాల వైపు, జాతీయ రహదారుల వైపు సాగుతుంది. కనుక దుకాణాల సంఖ్యతోనే ప్రభావాన్ని కొలిస్తే, ఈ ప్రాంతంలో అది స్వల్పమన్న నిర్ణయానికి వస్తాం. కాని తినే వేళ, వంట నేర్చుకునే తీరు, ముడిసరుకు వచ్చే దారి, లాభం చేరే చోటు వంటివాటిని ప్రమాణంగా తీసుకుంటే చిత్రం వేరుగా కనిపిస్తుంది. దాన్ని గుర్తించాలంటే ముందుగా ఈ ప్రాంతపు బయటి తిండి చరిత్రను పరిశీలించాలి.

2. కొనుక్కుని తినడం: పూర్వరంగం

తెలుగువారు పూర్వం ఇంట్లోనే తినేవారని, బయటి తిండి ఆధునిక కాలపు అలవాటని ఒక అభిప్రాయం ఉంది. సాహిత్య ఆధారాలు దీన్ని బలపరచవు. కాకతీయుల ఓరుగల్లును వర్ణించే ‘క్రీడాభిరామం’లో పూటకూళ్ళ ఇంటి భోజనం ప్రస్తావన ప్రసిద్ధమే. ఒక్క రూక చెల్లిస్తే గోధుమపిండి వంట, పంచదార, నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగుతో భోజనం దొరికేదని ఆ కృతి తెలుపుతుంది. వెల నిర్ణీతం, వంటకాల జాబితా నిర్ణీతం, తినేవాడు బాటసారి. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఇటువంటి కావ్యవర్ణనలను సామాజిక చరిత్రకు ఆధారాలుగా వినియోగించారు. ఆహార చరిత్రకారులకు ఆ మార్గం నేటికీ అనుసరణీయం.

అయితే పూటకూళ్ళ ఇల్లు నగరానిది. పల్లె తిండి వేరు. శ్రీనాథునిదిగా ప్రచారంలో ఉన్న ఒక చాటువు, పల్నాటి సీమలో అన్నమైనా అంబలైనా జొన్నతోనే తప్ప సన్నబియ్యం అన్నం జనానికి లేనేలేదని ఎకసెక్కమాడింది. ఆ పల్నాడు వాడపల్లికి ఎదురుగా కృష్ణకు ఆవలి ఒడ్డున ఉంది. ఈవలి ఒడ్డున మెట్ట పల్లెల పరిస్థితి కూడా చాలాకాలం అంతకు భిన్నంగా లేదు. చెరువుల కింద కొద్దిపాటి వరి, మిగిలిన నేలలో జొన్న, సజ్జ, ఆముదం, పప్పుధాన్యాలు పండేవి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నిజాం ప్రభుత్వం బలవంతంగా వసూలు చేసిన లెవీ ధాన్యం నల్లగొండ రైతుల ఆగ్రహానికి కారణమైంది. 1946-51 నాటి తెలంగాణ సాయుధ పోరాటానికి ముందు ఆంధ్రమహాసభ ఎత్తుకున్న సమస్యల్లో లెవీ ముఖ్యమైనది. అంటే ఈ ప్రాంతంలో తిండి గింజ అనేది రుచికి సంబంధించిన విషయం కావడానికి ముందే అధికారానికి సంబంధించిన విషయం.

3. నీరు, బియ్యం: మొదటి పెద్ద మార్పు

ఈ సీమ పళ్ళేన్ని మార్చిన మొదటి ఆధునిక శక్తి విదేశీ సంస్థ కాదు, కాలువ. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టిన ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మెట్టను మాగాణిగా మార్చింది. జొన్న చేలు తగ్గి వరిమళ్ళు పెరిగాయి. ధాన్యం ఉన్నచోటికి మిల్లులు వచ్చాయి. మిర్యాలగూడ రాష్ట్రంలోనే ప్రధానమైన బియ్యం మిల్లుల కేంద్రంగా ఎదిగింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ప్రవేశపెట్టిన రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం, జొన్నసంకటి తినే పేద ఇళ్ళలోకి కూడా వరి అన్నాన్ని నిత్యాహారంగా తెచ్చింది. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి విడుదలైన బి.పి.టి. 5204 రకం, అంటే సాంబమసూరి, సన్నబియ్యానికి మారుపేరైంది.

ఈ మార్పును ప్రస్తావించడానికి కారణం ఉంది. ప్రపంచీకరణ మన ‘సంప్రదాయ’ ఆహారాన్ని చెరిపివేస్తున్నదని చెప్పేటప్పుడు ఏది సంప్రదాయమన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉంటుంది. ఈ ప్రాంతంలో మూడు పూటలా వరి అన్నం చాలా కుటుంబాలకు రెండు మూడు తరాల అలవాటు మాత్రమే. జొన్న వెనుకబడటానికి బర్గర్ కారణం కాదు. ప్రభుత్వ జలవిధానం, ధాన్య సేకరణ, చౌక బియ్యం, వీటితోపాటు వరి అన్నానికి సమాజంలో ఉన్న గౌరవం కారణాలు. ఆకలిని తగ్గించిన ఈ మార్పును నష్టంగా మాత్రమే చూడలేం. దానివల్ల ఆహార వైవిధ్యం కుదించుకుపోయిందన్న వాస్తవాన్ని కాదనలేం కూడా.

4. మనిషి వెంట వచ్చిన వంటలు

పట్టణపు బయటి తిండిలో గొలుసు సంస్థలకు ముందే అనేక పరాయి వంటలు వచ్చి చేరాయి. పందొమ్మిదో శతాబ్ది చివర, ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలో ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా హైదరాబాదు చేరినవారు ఇరానీ హోటళ్ళు తెరిచారు. దక్షిణ కన్నడ ప్రాంతం నుంచి వచ్చినవారు ఉడుపి హోటళ్ళు పెట్టారు. ఇడ్లీ, దోశ, కాఫీలు ఇంటి పండుగల నుంచి హోటల్ బల్ల మీదికి రావడంలో, తెలుగు పట్టణాల్లో ‘టిఫిన్’ అన్న మాట స్థిరపడటంలో ఆ హోటళ్ళ పాత్ర పెద్దది. లారీల రాకపోకలతో పంజాబీ ధాబా దక్షిణానికి వచ్చింది. వాడపల్లి పరిసరాల్లో సిమెంటు కర్మాగారాలు వెలిశాక, ధాన్యం, సిమెంటు మోసే లారీల డ్రైవర్లకు రహదారి పక్క ధాబా అన్నశాల అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు మండీ, నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులుండే హైదరాబాదులోని బార్కస్ ద్వారా, గల్ఫ్ వలసల ద్వారా తెలంగాణ పట్టణాలకు పాకింది. ఒకే పళ్ళెం చుట్టూ నలుగురు కూర్చుని తినే ఆ పద్ధతి ఇవాళ జిల్లా పట్టణాల యువతకు సుపరిచితం.

ఈ వంటలన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. ఇవి మనుషుల వెంట వచ్చాయి. వచ్చినవారు ఇక్కడే స్థిరపడ్డారు, లేదా ఇక్కడివారిని పనిలో పెట్టుకున్నారు. హోటల్‌లో బల్లలు తుడవడానికి చేరిన కుర్రవాడు కొన్నేళ్ళకు పిండి రుబ్బడం, పెనం దగ్గర నిలబడటం, చివరికి సాంబారు పాళ్ళు నేర్చుకుని మరో వీధిలో తన టిఫిన్ సెంటర్ తెరవడం తెలుగు పట్టణాల్లో అందరూ ఎరిగిన క్రమం. యజమాని పెట్టుబడి యజమానిదే అయినా, వంట మాత్రం వంటగదిలో ఉన్న ప్రతివాని చేతికీ అందేది. దోశకు హక్కుదారు లేడు. కనుకనే అది ఉడుపి నుంచి వచ్చి ఉడుపిదిగా మిగలలేదు. సూర్యాపేటలో సూర్యాపేట దోశ అయింది.

5. ఒప్పందం వెంట వచ్చిన వంట

1991 జులైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం ప్రకటించిన నూతన పారిశ్రామిక విధానం విదేశీ పెట్టుబడులకు తలుపులు తెరిచింది. ఆహార పానీయాల రంగంలో తొలి పెద్ద ప్రభావం శీతల పానీయాలది. 1977లో దేశం విడిచి వెళ్ళిన కోకాకోలా 1993లో తిరిగి వచ్చి, థమ్స్అప్‌ను దాని భారతీయ యజమానుల నుంచి కొనుగోలు చేసింది. తెలుగు పట్టణాల్లో గోళీసోడా కుటీర పరిశ్రమగా ఉండేది. సీసా తిరిగి సోడాబండికే చేరేది, లాభం ఆ వీధిలోనే తిరిగేది. సీసా పానీయాల ధాటికి ఆ పరిశ్రమ కుదేలయింది. గొలుసు సంస్థల ఆర్థిక స్వభావానికి ఇది తొలి పాఠం.

1995 జూన్‌లో కె.ఎఫ్.సి. బెంగళూరులో తన మొదటి దుకాణం తెరిచింది. రైతునాయకుడు ఎం.డి. నంజుండస్వామి నేతృత్వంలోని కర్ణాటక రాజ్య రైతుసంఘం దాన్ని తీవ్రంగా వ్యతిరేకించింది. 1996 జనవరి 30న ఆ దుకాణంపై దాడి జరిగింది. అదే సంవత్సరం డామినోస్, పిజ్జాహట్, మెక్‌డొనాల్డ్స్ భారతదేశంలో అడుగుపెట్టాయి. 1996 అక్టోబరులో ఢిల్లీలో ప్రారంభమైన మెక్‌డొనాల్డ్స్ గొడ్డుమాంసం, పందిమాంసం లేని జాబితాతో, శాకాహారానికి వేరు వంటగదితో వచ్చింది. ఆలుటిక్కీ బర్గర్ వంటివి తర్వాత ఆ జాబితాకు గుర్తులయ్యాయి.

సమాజశాస్త్రవేత్త జార్జ్ రిట్జర్ 1993లో ప్రచురించిన గ్రంథంలో ఈ సంస్థల సామర్థ్యం, లెక్కింపు, ముందే ఊహించగల ఏకరూపత, నియంత్రణ అనే నాలుగు లక్షణాలు సమాజంలోని ఇతర రంగాలకు కూడా వ్యాపిస్తున్నాయని వాదించారు. జేమ్స్ వాట్సన్ సంపాదకత్వంలో 1997లో వెలువడిన అధ్యయనం, తూర్పు ఆసియా ప్రజలు ఆ దుకాణాలను తమ అవసరాలకు అనుగుణంగా మలచుకున్నారని చూపింది. భారతదేశంలో ఈ రెండూ నిజమే. జాబితా మారింది, మసాలా మారింది. మారనిది ఒప్పందం. ఈ సంస్థల దుకాణాలను చాలావరకు భారతీయ కంపెనీలే నడుపుతాయి. దక్షిణ, పశ్చిమ భారతాల్లో మెక్‌డొనాల్డ్స్‌ను వెస్ట్‌లైఫ్, దేశంలో డామినోస్‌ను జుబిలెంట్ నిర్వహిస్తున్నాయి. అమ్మకాల్లో కొంత శాతం రాయల్టీగా మాతృసంస్థకు చేరుతుంది. పేరు, వంట విధానం, సరుకు ఇచ్చే సంస్థలు, దుకాణం రంగు సైతం ఒప్పందంలో భాగం. ఉద్యోగి నేర్చుకునేది వంట కాదు, ఆ వంటలోని ఒక దశ. నూనెలో ఎన్ని నిమిషాలు ఉంచాలో యంత్రం చెబుతుంది. ఐదేళ్ళు పనిచేసినవాడు బయటకు వచ్చి అదే వంటతో అదే పేరుతో దుకాణం తెరవలేడు. ఇరానీ, ఉడుపి, ధాబా వంటగదుల నుంచి ఇది మౌలికంగా భిన్నమైన పద్ధతి.

6. దుకాణానికి ముందే వచ్చిన పేరు

తెలుగు పట్టణాల్లో ‘ఫాస్ట్‌ఫుడ్’ అంటే ఏమిటన్న ప్రశ్న ఇక్కడ ఆసక్తికరం. సూర్యాపేటలో గాని, మిర్యాలగూడలో గాని ‘ఫాస్ట్‌ఫుడ్ సెంటర్’ అని రాసి ఉంటే అక్కడ దొరికేది బర్గర్ కాదు. పెద్ద మంట మీద ఇనుప బాణలిలో ఎగరేసి కలిపే నూడిల్స్, ఫ్రైడ్ రైస్, మంచూరియా. చైనీస్ వంటకు భారతీయ రూపమిది. సాయంత్రం ఆరు గంటలకు బండి వెలుగుతుంది. అర్ధరాత్రికి ఆరిపోతుంది. గొలుసు సంస్థల నుంచి ఈ బండి తీసుకున్నది వంటకం కాదు, ఒక ఊహ: తినడానికి ఎక్కువసేపు పట్టకూడదు, కళ్ళముందే తయారుకావాలి, అన్నం వేళతో పనిలేదు.

ఈ అనుకరణకు రెండు ముఖాలున్నాయి. ఒకటి స్వేచ్ఛ. కొద్దిపాటి పెట్టుబడితో, ఎవరి అనుమతి రాయల్టీ లేకుండా, ఒకరి దగ్గర నేర్చుకుని మరొకరు బండి పెట్టుకోవచ్చు. మనిషి వెంట వచ్చిన వంట పద్ధతి ఇక్కడ కొనసాగుతున్నది. రెండవది అభద్రత. గొలుసు సంస్థకు ఉండే శీతల గిడ్డంగులు, పరీక్షలు, శిక్షణ బండికి ఉండవు. పచ్చి గుడ్డుతో చేసే మయొనీజ్ మోమోలు, శాండ్విచ్‌లు, కాల్చిన కోడి వెంట చిన్న దుకాణాల్లోకి చేరింది. ఆహార విషప్రభావపు ఘటనల దరిమిలా తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివరలో దాన్ని ఏడాదిపాటు నిషేధించవలసి వచ్చింది. రుచి ప్రయాణించినంత వేగంగా దాన్ని సురక్షితంగా నిలిపే వ్యవస్థ ప్రయాణించలేదని ఈ ఉదంతం తెలియజేస్తుంది.

మరోవైపు స్థానిక పెట్టుబడి కూడా గొలుసు పద్ధతిని అందిపుచ్చుకున్నది. తెలుగు పేర్లతోనే టీ దుకాణాలు, బిర్యానీ కేంద్రాలు ఫ్రాంచైజీలుగా చిన్న పట్టణాల్లో వెలుస్తున్నాయి. రుసుము చెల్లించి పేరు తెచ్చుకోవడం, పొడి ప్యాకెట్లు ఒకేచోటు నుంచి తెప్పించుకోవడం ఇక్కడా అమలవుతున్నాయి. కనుక సమస్యను దేశీయం, విదేశీయం అనే విభజనతోనే చూడటం చాలదు.

7. పళ్ళెం లెక్క

స్థానిక ఆర్థిక వ్యవస్థపై ప్రభావాన్ని అంచనా వేయడానికి ఒక సరళమైన పద్ధతిని ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను. ఒక పళ్ళేన్ని తీసుకుని అందులోని గింజ, మాంసం, కూలి, అద్దె, లాభం, మిగిలే చెత్త ఎక్కడెక్కడికి చేరుతున్నాయో గుర్తించడం.

టిఫిన్ సెంటర్ ఇడ్లీలో బియ్యపు రవ్వ, చట్నీలో పల్లీలు చాలావరకు స్థానిక అంగడి నుంచే వస్తాయి. కూలి, లాభం ఊళ్ళోనే ఉంటాయి. ఫ్రైడ్ రైస్ బండి వాడే బియ్యం ఈ ప్రాంతపు మిల్లులు ఆడే సన్నబియ్యం కావచ్చు. నూడిల్స్ మైదా మాత్రం గోధుమ పండే ఉత్తరాదిది. బిర్యానీ, మండీ మన పట్టణాలవిగా కనిపించినా, వాటికి ఎక్కువగా వాడే బాస్మతి పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌ల నుంచి వస్తుంది. మిర్యాలగూడ మిల్లు గోడ పక్కన ఉన్న బిర్యానీ హోటల్‌లో మిర్యాలగూడ బియ్యం ఉడకకపోవచ్చు. బర్గర్ వద్దకు వస్తే రొట్టె గోధుమది. ఫ్రెంచ్ ఫ్రైస్‌కు కావలసిన బంగాళాదుంప రకాలను గుజరాత్‌లో ఒప్పంద వ్యవసాయం ద్వారా పండిస్తారు. మెహసాణాలో వాటి శుద్ధి కర్మాగారం ఉంది. ఈ పళ్ళెంలో ఈ నేల గింజకు చోటు లేదు. కూలి, అద్దె మాత్రమే ఊళ్ళో మిగులుతాయి.

మాంసం విషయం కొంత సంక్లిష్టం. బి.వి. రావు 1971లో స్థాపించిన వెంకటేశ్వర హేచరీస్, ఆయన చొరవతో 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం కోళ్ళ పెంపకాన్ని దేశవ్యాప్త పరిశ్రమగా మార్చడంలో ప్రధాన పాత్ర వహించాయి. తెలంగాణ ఆ పరిశ్రమలో ముందువరసలో ఉంది. ఇప్పుడు బ్రాయిలర్ కోళ్ళ పెంపకంలో ఎక్కువ భాగం ఒప్పంద పద్ధతిలో సాగుతున్నది. కోడిపిల్ల, దాణా, మందు సంస్థవి. షెడ్డు, కరెంటు, చాకిరి రైతువి. కిలో చొప్పున రైతుకు పెంపకపు కూలి దక్కుతుంది. వంటగదిలో ఉద్యోగికి, షెడ్డులో రైతుకు మధ్య పోలిక ఇక్కడ స్పష్టం. ఇద్దరూ తమది కాని సరుకును ఒప్పందం ప్రకారం తయారుచేసి ఇచ్చేవారే. ఈ కోడి వీధి బండికి కూడా వెళుతుంది. గొలుసు దుకాణాన్ని ఊళ్ళోకి రానీయకపోయినా ఒప్పంద వ్యవస్థ అప్పటికే పొలం గట్టున ఉంది.

చెత్త లెక్క కూడా ఉంది. విస్తరాకు, అరటాకు మట్టిలో కలిసేవి. ప్లాస్టిక్ పూత పెట్టెలు, గ్లాసులు కలవవు. మూసీ హైదరాబాదు మురుగును మోసుకుంటూ నల్లగొండ జిల్లా పొలాల మీదుగా వాడపల్లికి చేరుతుంది. మహానగరం తిని పారేసిన దాని భారాన్ని ఆ నగరపు రుచులేవీ అందని దిగువ గ్రామాలు భరించడం ఈ చరిత్రలో భాగమే.

2025 మార్చిలో మెక్‌డొనాల్డ్స్ సంస్థ హైదరాబాదులో తన ప్రపంచస్థాయి కార్యాలయం ఏర్పాటును ప్రకటించింది. సుమారు 2,000 మందికి అందులో ఉద్యోగాలని రాష్ట్ర ప్రభుత్వం వెల్లడించింది. తెలుగు పట్టభద్రులకు ఇది అవకాశం, సందేహం లేదు. కాని ఆ ఉద్యోగాలు సాంకేతిక, కార్యాలయ రంగాలవి. వరి రైతుకు, మిల్లుకు, వంటమనిషికి ఆ సంస్థతో ఉన్న సంబంధం దీనివల్ల మారదు. గొలుసు సంస్థ ప్రాంతానికి మేలు చేసిందా అన్న ప్రశ్నకు ‘ప్రాంతంలో ఎవరికి’ అన్న అనుబంధ ప్రశ్న తప్పనిసరి.

8. హోటల్, కులం: పాత రోజుల మరో ముఖం

ఇంతవరకు చేసిన విశ్లేషణ పాత హోటల్ పద్ధతికి అనుకూలంగా కనిపించవచ్చు. కాని ఒక ముఖ్యమైన విషయాన్ని చెప్పకుండా ముగిస్తే అది అర్ధసత్యమవుతుంది. పూటకూళ్ళ ఇంటి నుంచి కాఫీ హోటల్ దాకా అన్నం అమ్మే చోటు కులం పాటించిన చోటు కూడా. హోటల్ పేరులోనే కులాన్ని చాటుకున్న బోర్డులు తెలుగు పట్టణాల్లో ఉండేవి. పల్లె టీకొట్లలో దళితులకు వేరు గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి స్వాతంత్ర్యానంతరం కూడా చాలాకాలం కొనసాగింది. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్ళలో కులం కారణంగా ప్రవేశం నిరాకరించరాదని నిర్దేశించింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. అదే తర్వాత పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. ఇన్ని చట్టాలు అవసరమయ్యాయంటే హోటల్ బల్ల ఎంత పట్టుదలగా విభజింపబడి ఉండేదో ఊహించవచ్చు.

వంట నేర్చుకునే దారి అందరికీ తెరిచి ఉండేదని పైన చెప్పిన మాటను కూడా ఈ వెలుగులో సవరించుకోవాలి. బల్లలు తుడిచే కుర్రవాడు పెనం దగ్గరకు చేరడం అతని కులాన్ని బట్టి కూడా ఉండేది. వంటగది గడప దాటని పనివాళ్ళు ఉన్నారు. గొలుసు దుకాణంలో వరుసలో నిలబడినవాని ఇంటిపేరు ఎవరూ అడగరు. లోపల వేయించేవాడెవరో తినేవానికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. పల్లె నుంచి వచ్చి చదువుకునే దళిత, బహుజన యువతకు, ఒంటరిగా కూర్చుని తినదలచిన స్త్రీకి ఆ దుకాణం ఇచ్చే అపరిచితత్వం ఒక విధమైన ఊరట. దాన్ని పాశ్చాత్య వ్యామోహంగా కొట్టిపారేయడం న్యాయం కాదు. అయితే ఈ సమానత్వానికి హద్దు ధర. జేబులో డబ్బు లేనివానికి అక్కడా ప్రవేశం లేదు. కులం తలుపు వద్ద అడ్డుకోకపోయినా, ఆ డబ్బు లేకపోవడానికి వెనుక కులం ఉండవచ్చు.

అందువల్ల స్థానిక ఆహార సంస్కృతిని కాపాడటమన్న నినాదం ఎవరి ఆహారాన్ని, ఎవరి వంటగదిని కాపాడుతున్నదో చెప్పాలి. జొన్న గటక, అంబలి, ఎండుచేపలు, బోటికూర, పేగులకూర ఈ సీమ శ్రామిక కులాల తిండి. పూర్వపు గౌరవనీయ హోటల్ జాబితాలో వాటికి చోటు లేదు. అంతర్జాతీయ బర్గర్‌లోనూ లేదు. ఈ రెంటి మధ్య పోటీని స్థానికానికి, ప్రపంచానికి మధ్య పోటీగా మాత్రమే వర్ణిస్తే ఈ మూడవ పళ్ళెం కనుమరుగవుతుంది.

9. ముగింపు

పైన చేసిన పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. వాడపల్లి పరిసర ప్రాంతపు ఆహారాన్ని గత ఆరు దశాబ్దాల్లో అందరికంటే ఎక్కువగా మార్చినవి సాగరు నీరు, చౌక బియ్యం. ప్రపంచ ఫాస్ట్‌ఫుడ్ సంస్థల ప్రభావం ఇక్కడ దుకాణాలకంటే ముందుగా, వాటికంటే విస్తృతంగా పద్ధతి రూపంలో వచ్చింది. ఆ పద్ధతిలో ప్రధానమైన నష్టం రుచి మారడం కాదు. వంట నేర్చుకుని సొంతంగా నిలబడే దారి మూసుకుపోవడం, పండించే నేలకు తినే పళ్ళేనికి మధ్య సంబంధం తెగిపోవడం. ప్రధానమైన లాభం, కులం అడగని బల్ల, కొంతమేర పరిశుభ్రతా ప్రమాణాలు.

ఈ లాభాలను గొలుసు సంస్థల ఒప్పందం లేకుండా సాధించడం అసాధ్యం కాదు. 2014 నాటి వీధి వ్యాపారుల జీవనోపాధి పరిరక్షణ చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలు ఏర్పడాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పురపాలక సంఘాల్లో ఆ కమిటీలు బండ్లవారికి స్థలం, శుభ్రమైన నీరు, ఆహారభద్రతా శిక్షణ కల్పించగలిగితే బండి మీది స్వేచ్ఛకు భద్రత తోడవుతుంది. ప్రభుత్వ వసతిగృహాలు, రహదారి పక్క హోటళ్ళు స్థానిక బియ్యంతో, జొన్నతో చేసిన వంటకాలకు చోటిస్తే పళ్ళెం లెక్కలో కొంత భాగం ఇక్కడే మిగులుతుంది.

2025 మార్చి 30న, ఉగాది నాడు, రేషన్ దుకాణాల ద్వారా సన్నబియ్యం పంపిణీని తెలంగాణ ప్రభుత్వం హుజూర్‌నగర్‌లో ప్రారంభించింది. సన్నన్నం సున్నా అని చాటువు ఎగతాళి చేసిన సీమకు ఎదుటి ఒడ్డున, పేద ఇంటికి ఆ బియ్యమే హక్కుగా చేరింది. అదే కాలంలో తెలంగాణ పట్టణాల వీధుల్లో సాయంకాలం స్త్రీలు కట్టెల పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేసి అమ్ముతున్నారు. మధుమేహ భయంతో వాటిని కొంటున్నవారిలో ఒకప్పుడు జొన్న తినడాన్ని చిన్నతనంగా భావించిన కుటుంబాలవారూ ఉన్నారు. ఆ రొట్టె తట్టే చేతి విద్య ఒప్పందంలో రాసి ఇవ్వదగినది కాదు. ఆ స్త్రీల దగ్గర, పాత హోటళ్ళ వంటమనుషుల దగ్గర, ధాబాల దగ్గర, మిల్లు హమాలీల దగ్గర ఉన్న మౌఖిక చరిత్రను ఈ ప్రాంతపు కళాశాలల పరిశోధకులు నమోదు చేయవలసిన అవసరం ఎంతైనా ఉంది. కాలువకు ముందటి పళ్ళేన్ని ఎరిగిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది కనుక ఈ పని త్వరగా జరగాలి.